ఏది గొప్ప పునరాగమనం? - ముహమ్మద్ అలీ చరిత్రపై ఒక చర్చ

ముష్టియుద్ధ చరిత్రలో గొప్ప పోటీ ఏది? ఓడి కిందపడినవాడు తిరిగి లేచి గెలిచిన సందర్భాల్లో అన్నిటికన్నా గొప్పది ఏది? బాక్సింగ్ అంటే ఇష్టమున్న నలుగురు ఒకచోట చేరితే ఈ వాదం తప్పదు. ఒకరు కిన్షాసా అంటారు, ఇంకొకరు మనీలా అంటారు. మాకు మాత్రం ఈ రెండూ కాదనిపిస్తుంది. ఎందుకో ఈ వ్యాసంలో మనవి చేస్తాము.

ముందు ఇతరుల సంగతి చూద్దాం. హెవీవెయిట్ కిరీటం ఒకసారి పోగొట్టుకున్నవాడు దాన్ని తిరిగి తెచ్చుకోలేడని ఒకప్పుడు అందరూ నమ్మేవారు. ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టినవాడు ఫ్లాయిడ్ పాటర్సన్. 1959 జూన్‌లో స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ యోహాన్సన్ చేతిలో ఒక్క రౌండులోనే ఏడుసార్లు నేలకూలి ఓడిపోయాడు. ఏడాది తిరగకుండానే, 1960 జూన్ 20న, అదే యోహాన్సన్‌ను అయిదో రౌండులో పడగొట్టి కిరీటం తిరిగి తెచ్చుకున్నాడు. ఇక జార్జి ఫోర్‌మన్ సంగతి మరీ వింత. 1977లో బాక్సింగ్ వదిలేసి మతబోధకుడయ్యాడు. పదేళ్ల తరువాత మళ్లీ బరిలోకి దిగితే జనం నవ్వారు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో, మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. ఇవి రెండూ చిన్న విషయాలు కావు. అయినా వీరిద్దరూ పోగొట్టుకున్నది బరిలో. తిరిగి సంపాదించుకున్నదీ బరిలోనే. అలీ కథ అలాంటిది కాదు.

అతడు పోగొట్టుకున్నది ఎక్కడ?

1942 జనవరి 17న అమెరికాలోని లూయీవిల్ పట్టణంలో కేషియస్ క్లే పేరుతో పుట్టిన ఆ నల్లజాతి కుర్రవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చాడు. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్ ఏడో రౌండుకు లేవలేక కుర్చీలోనే ఉండిపోవడంతో, 22 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. ఆ తరువాత తాను ముస్లిమునని ప్రకటించాడు. పేరు ముహమ్మద్ అలీ అయింది. చాలా పత్రికలు ఏళ్ల తరబడి ఆ పేరు రాయడానికి కూడా ఒప్పుకోలేదు.

1967 మార్చి నాటికి 29 పోటీలు చేసి ఒక్కటీ ఓడలేదు. అప్పటికి వయసు 25. ఏ బాక్సర్‌కైనా అవి బంగారం లాంటి సంవత్సరాలు. సరిగ్గా అప్పుడే వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరమని పిలుపు వచ్చింది. ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో, వరసలో నిలబెట్టి పేరు పిలిచినా అతడు అడుగు ముందుకు వేయలేదు. నా మతం, నా మనస్సాక్షి ఈ యుద్ధానికి ఒప్పుకోవు అన్నాడు. అంతే, లైసెన్సు పోయింది. కిరీటం పోయింది. పాస్‌పోర్టు కూడా పోయింది. జూన్ 20న కోర్టు అయిదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా వేసింది. అప్పీలు చేసి జామీను మీద బయట ఉన్నాడు గాని, బరిలోకి మాత్రం రానివ్వలేదు.

మూడున్నరేళ్లు! ఆ కాలంలో కాలేజీలు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చుకుంటూ సంసారం నడిపాడు. ఆ ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే కిరీటం దక్కేది, డబ్బూ దక్కేది. అతడు వేయలేదు. సబర్ అన్న మాట మనం తరచు వింటాము. చేతికందిన సిరిని కాదనుకుని, మళ్లీ వస్తుందో రాదో తెలియకుండా ఎదురుచూడటం సబర్ కాక మరేమిటి?

అట్లాంటాలో ఒక రాత్రి

1970 అక్టోబరు 26న అట్లాంటా నగరంలో అలీ మళ్లీ గ్లవ్స్ తొడిగాడు. జార్జియా రాష్ట్రంలో బాక్సింగ్‌ను అదుపు చేసే ప్రభుత్వ కమిషన్ లేదు. అందువల్ల నగరమే అనుమతి ఇవ్వగలిగింది. గవర్నరు వద్దన్నా పోటీ జరిగింది. ఎదుటివాడు జెర్రీ క్వారీ. కంటి దగ్గర గాయమవడంతో మూడు రౌండ్లతోనే పోటీ ముగిసింది. ఆటగా చూస్తే అది గొప్ప పోటీ కాదు. కాని జైలు శిక్ష ఇంకా నెత్తిమీద వేలాడుతుండగా వచ్చి నిలబడ్డాడే, అదే మా దృష్టిలో అసలైన పునరాగమనం. ఆ రాత్రి లేకపోతే కిన్షాసా లేదు, మనీలా లేదు.

1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్‌తో తలపడినప్పుడూ శిక్ష అలాగే ఉంది. 15వ రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్కుకు అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు గాని, తీర్పు ఫ్రేజియర్‌కే దక్కింది. వృత్తిలో మొదటి ఓటమి అది. ఆ సంవత్సరమే జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 8-0 తీర్పుతో శిక్షను కొట్టివేసింది. బరిలో ఓడిన ఏడాదే న్యాయస్థానంలో గెలిచాడు. అయితే పోయిన ఏళ్లను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు కదా.

కిన్షాసా, మనీలా

కిన్షాసా పక్షం వారి వాదన బలమైనదే. 1974 అక్టోబరు 30 తెల్లవారుజామున ఆఫ్రికాలోని జైర్ దేశంలో ఆ పోటీ జరిగింది. ఫోర్‌మన్‌కు 25 ఏళ్లు, 40 పోటీల్లో 40 విజయాలు. అలీని ఓడించిన ఫ్రేజియర్‌నూ, 1973లో అలీ దవడ విరగ్గొట్టిన కెన్ నార్టన్‌నూ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలో చిత్తు చేశాడు. అలీకి 32 ఏళ్లు. బతికి బయటపడితే చాలని అతడి మనుషులే భయపడ్డారు. మొదటి రౌండు అయ్యాక అలీ తాళ్లకు జారగిలబడి, చేతులు అడ్డం పెట్టుకుని, కొట్టుకోనిచ్చాడు. ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలసిపోయాడు. ఎనిమిదో రౌండు చివర్లో అలీ కుడిచేతి దెబ్బకు కుప్పకూలాడు. యుక్తి బలాన్ని గెలవడం చూడాలంటే ఇంతకు మించిన పోటీ లేదు.

ఇక మనీలా. 1975 అక్టోబరు 1న ఫిలిప్పైన్స్‌లో ఫ్రేజియర్‌తో మూడోసారి. మొదట అలీది పైచెయ్యి, నడుమ ఫ్రేజియర్‌ది, చివర మళ్లీ అలీది. ఫ్రేజియర్ కళ్లు వాచి మూసుకుపోయాయి. 14 రౌండ్ల తరువాత అతడి గురువు ఎడ్డీ ఫచ్ ఇక చాలని ఆపేశాడు. చావుకు దగ్గరగా వెళ్లి వచ్చానని అలీ తరువాత చెప్పుకున్నాడు. పోటీగా చూస్తే మనీలాయే మొదటిదని మేమూ ఒప్పుకుంటాము. కాని పిల్లలకు చూపించేటప్పుడు రెండు మాటలు కలిపి చెప్పాలి. ఒకటి, అలీకి లైసెన్సు లేని రోజుల్లో ఫ్రేజియర్ డబ్బు సాయం చేశాడు, అతడి తరఫున మాట్లాడాడు. అలాంటివాణ్ణి అలీ గొరిల్లా అని ఎగతాళి చేశాడు. అది తప్పు. 2001లో ఆ మాటలకు క్షమాపణ చెప్పుకున్నాడు. రెండోది, ఇక చాలని చెప్పి అలీ చేత సకాలంలో ఆట మాన్పించగలిగినవారు అతడి వైపు లేకపోయారు.

1978లో లియాన్ స్పింక్స్ చేతిలో ఓడి, ఏడు నెలల్లో అతణ్ణే ఓడించి మూడోసారి విజేత అయ్యాడు. అక్కడితో ఆపవలసింది. 1980లో ల్యారీ హోమ్స్, 1981లో ట్రెవర్ బెర్బిక్ చేతుల్లో ఓడాకగాని ఆపలేదు. 1984లో పార్కిన్సన్స్ జబ్బు బయటపడింది. ముఖం మీద గుద్దే ఆట మనకెందుకు అనే పెద్దల మాటను మేము తేలిగ్గా కొట్టిపారేయలేము.

మతం విషయంలోనూ అతడు ఒకచోట ఆగలేదు. మొదట చేరిన నేషన్ ఆఫ్ ఇస్లాం జాతి గురించి చెప్పిన మాటలు మనకు సమ్మతం కావు. 1972లో హజ్ చేశాడు. 1975 తరువాత వారిస్ దీన్ ముహమ్మద్ వెంట సున్నీ మార్గానికి వచ్చాడు. 1996లో వణికే చేతులతో ఒలింపిక్ జ్యోతి వెలిగించింది అదే అట్లాంటాలో. 2016 జూన్ 3న కన్నుమూశాడు. లూయీవిల్‌లో జరిగిన జనాజాకు వేలమంది వచ్చారు.

మన నేల మీద కూడా ఇటువంటి కథ ఒకటుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స అయింది. 2019 డిసెంబరులో మేరీ కోమ్‌తో ఎంపిక పోటీలో 9-1 తేడాతో ఓడింది. ఇక అయిపోయిందన్నవారికి 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బంగారు పతకంతో జవాబిచ్చింది. 2023లో ఢిల్లీలో మరొకటి తెచ్చింది.

కనుక చర్చ ముగించేముందు మా మాట ఇది. కిన్షాసాలో గెలిచింది యుక్తి, మనీలాలో గెలిచింది గుండె ధైర్యం. కాని 1967 నుంచి 1970 వరకు గెలిచింది మాట మీద నిలబడటం. చేతుల బలం అందరికీ ఉండదు. మాట మీద నిలబడటం మాత్రం చదువుకునే పిల్లవాడికీ, దుకాణం నడుపుకునేవాడికీ, ఇల్లు చక్కబెట్టుకునే తల్లికీ సాధ్యమే. అల్లాహ్ మన పిల్లలకు ఆ నిలకడను, దానితోపాటు ఎక్కడ ఆగాలో తెలిసే వివేకాన్ని ప్రసాదించుగాక.