ఎవరి పద్దు వారిదే

యూనిక్స్ పుట్టిన తొలి రోజులవి. న్యూజెర్సీ రాష్ట్రం మరే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో, 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. కొన్నాళ్లకు అందులో ఓ చిక్కు బయటపడింది. ఒక ఫైల్లో రెండు ఆదేశాలు రాసి నడిపించారు. మొదటిది ఫైళ్ల జాబితా ఇచ్చే ‘ఎల్ఎస్’, రెండోది లాగిన్ అయినవాళ్ల పేర్లు చెప్పే ‘హూ’. రెండింటి ఫలితమూ ఒకే ఫైల్లో వరసగా చేరాలి. తీరా చూస్తే, ‘ఎల్ఎస్’ రాసినదాన్ని చెరిపేస్తూ ‘హూ’ మళ్లీ మొదటినుంచీ రాసింది.

ఎక్కడిదాకా రాశామన్న గుర్తును ఏ ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు) ఆ ప్రాసెస్ తన దగ్గరే ఉంచుకోవడమే దీనికి కారణం. ‘ఎల్ఎస్’ ముగియగానే దాని గుర్తూ పోయింది. అందుకని తెరిచిన ఫైళ్ల కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లోనే ఓ ఉమ్మడి పట్టిక పెట్టారు. కిరాణా కొట్టులో ఇంటింటికీ ఖాతా ఉన్నట్టు, ఫైల్ తెరిచిన ప్రతిసారీ అందులో ఓ కొత్త పద్దు. చిక్కు తీరింది.

ఫైళ్లకు దక్కిన ఆ సౌకర్యం, పరికరాలను నడిపించే డివైస్ డ్రైవర్లకు దక్కలేదు. యూనిక్స్‌లో ప్రింటరైనా టేపైనా ఫైల్‌లాగే కనిపిస్తుంది. కానీ డ్రైవర్‌కు అందేది పరికరం నంబరే. ఈసారి తెరిచిన పద్దు ఏదో దానికి తెలియదు. ఎవరు తెరిచినా కబురు వచ్చేది, మూసినప్పుడు మాత్రం చిట్టచివరి వాళ్లు మూస్తేనే వచ్చేది. పదిమంది తెరిచి తొమ్మిదిమంది వెళ్లిపోయినా డ్రైవర్‌కు తెలిసేది కాదు. ప్రింటర్లు, టేపుల కాలంలో అది లోటనిపించలేదు.

నెట్‌వర్క్‌లు వచ్చాక లోటు తెలిసొచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో స్టీవెన్ మెక్కాన్, వాన్ జేకబ్సన్ తయారుచేసిన బీపీఎఫ్‌నే తీసుకోండి. దాని గురించి వారి పత్రం 1993లో వెలువడింది. నెట్‌వర్క్‌లో పారే ప్యాకెట్లను వడకట్టి ఇచ్చే డ్రైవర్ అది. ఎవరి వడపోత వారిది, ఎవరి బఫర్ వారిది. ఆ పద్దులు విడిగా ఉంచడానికి బీపీఎఫ్0, బీపీఎఫ్1, బీపీఎఫ్2 అంటూ వరసగా పరికరాలు సృష్టించారు. ప్రోగ్రామ్ మొదటిదాన్ని తెరవబోతుంది. ‘ఖాళీ లేదు’ అంటే రెండోది, అదీ కాదంటే మూడోది.

ప్రాసెస్ నంబర్‌ను బట్టి పద్దు రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. అదీ కుదరదు. తెరిచిన ఫైల్ పిల్ల ప్రాసెస్‌కు సంక్రమిస్తుంది. పాత ప్రాసెస్ పోయాక దాని నంబరు మరొకదానికి వస్తుంది.

ఈ లోటు తీరేలా, లినక్స్‌లో తెరిచిన ప్రతి ఫైల్ పద్దులోనూ డ్రైవర్ సొంతానికి ‘ప్రైవేట్ డేటా’ అనే గడి ఉంటుంది. ఆ పద్దుకు చివరి వాడకందారు పోగానే కెర్నల్ ‘రిలీజ్’ అని డ్రైవర్‌ను పిలుస్తుంది. 2009 జనవరిలో విడుదలైన, యూనిక్స్ సంతతికే చెందిన ఫ్రీబీఎస్‌డీ 7.1 కూడా ఇలాంటి ఏర్పాటే తెచ్చింది. పద్దుతోపాటే, దాన్ని శుభ్రం చేసే ఫంక్షన్‌నూ డ్రైవర్ ముందుగానే కెర్నల్‌కు అప్పజెబుతుంది.

మన ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌ల మధ్య కబుర్లు మోసే బైండర్ డ్రైవర్ నిలబడింది లినక్స్‌లోని ఈ పునాది మీదే. యాప్ ఉన్నట్టుండి ఆగిపోతే, దాని పద్దు మూయమని కెర్నల్ నుంచి పిలుపొస్తుంది. కోరిన మిగతా ప్రోగ్రామ్‌లకు ఆ యాప్ పోయిందన్న వార్తను బైండర్ చేరవేస్తుంది.

పద్దు తెరవడం ఏ డ్రైవర్‌కైనా తేలికే. కుప్పకూలిన ప్రోగ్రామ్ తన పద్దు తాను మూసుకోలేదు. ఆ పూచీ కెర్నల్‌దే కావాలి. బెల్ ల్యాబ్స్‌లో ఫైళ్ల విషయంలో తొలి రోజుల్లోనే దొరికిన ఈ పరిష్కారం డ్రైవర్లన్నింటికీ అందేసరికి దశాబ్దాలు గడిచాయి.