ఖాకీ జీతం కొనిపెట్టిన కాలం

పదమూడేళ్ళకు ఎంపిక, పదహారుకి వడపోత, పద్దెనిమిదికి తుది తీర్పు. ఇవాళ్టి ఫుట్‌బాల్ అకాడమీలు చాలావరకు నడిచే దారి ఇదే. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర ఇలా సాగలేదు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా సయ్యద్ అబ్దుల్ రహీం ఒక చేత్తో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ మరో చేత్తో భారత జట్టునూ నడిపించారు. ఆ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచారు. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ ఘనతంతా రహీం బుర్రకే కట్టబెట్టడం మనకు అలవాటు. అందులో కొంత వాటా, ఏ సినిమాకీ పనికిరాని ఒక విషయానికి దక్కాలి. అది నెలనెలా అందే జీతం.

ఆ తరం హైదరాబాద్ ఆటగాళ్ళు ఒకే వేగంతో ఎదగలేదు. పీటర్ తంగరాజ్ సైన్యంలో, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరినప్పుడు సెంటర్ ఫార్వర్డ్. గోల్‌కీపర్ అయింది ఆ తర్వాతే. 1962 జకార్తా స్వర్ణంలో ఆయన చేతులకూ భాగముంది. పద్దెనిమిదేళ్ళకే ఫార్వర్డ్‌గా తూకం వేసి తీసేసి ఉంటే ఆసియాలోని గొప్ప గోల్‌కీపర్లలో ఒకరు మనకు లేకుండా పోయేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంది వేరే కథ. ఇరవై ఏళ్ళకే మెల్‌బోర్న్ వెళ్ళారు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టారు, ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే ఆట మానుకున్నారు. తొందరగా వికసించి తొందరగా ముగిసిన జీవితం అది. మహమ్మద్ హబీబ్ కూడా పదిహేడేళ్ళకే, 1966లో, ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. కానీ ఎనభైల తొలినాళ్ళ దాకా కలకత్తా మైదానాల్లో అలసట లేకుండా పరిగెత్తారు. తొందరగా మొదలవడానికీ తొందరగా ముగియడానికీ లంకె లేదని చెప్పడానికి ఈ ఇద్దరూ చాలు.

ఇన్ని రకాల ఎదుగుదలకు ఒకే నగరంలో చోటెలా దొరికింది? ఎదగడానికి కాలం కావాలి, కాలానికి ఖర్చవుతుంది. పేదింటి కుర్రాడు ఇరవై ఏళ్ళు దాటాక కూడా బంతి వెంట పడాలంటే ఇంట్లో పొయ్యి ఎవరో వెలిగించాలి. పోలీసు, సైన్యం కొలువులు ఆ పని చేశాయి. ఈ ఏడు రాణించకపోయినా ఉద్యోగం ఉంటుంది, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించవచ్చు. రహీం స్వతహాగా బడిపంతులు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు, కుర్రాళ్ళకు చేతకాని కాలితోనే బంతి తన్నించేవారు. అప్పటికి మెరుస్తున్నవాణ్ణి అలాంటి ఆట కాసేపు పక్కకు నెడుతుంది, నిదానంగా ఆలోచించేవాణ్ణి ముందుకు తెస్తుంది. రోజూ మైదానానికి రావడానికి సైకిల్ అద్దె కూడా రహీం సాబే ఇచ్చారని బలరాం తర్వాత్తర్వాత చెప్పేవారు. నిపుణుల మాటల్లో దీన్ని ప్రతిభా వికాసం అంటారేమో, అసలు సంగతి మాత్రం సైకిల్ అద్దె.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. గెలిచినవాళ్ళ పేర్లే చరిత్రకెక్కుతాయి, ఎదురుచూసి ఎదురుచూసి కానిస్టేబుల్‌గానే రిటైరైనవాళ్ళను ఎవరు లెక్కపెట్టారన్నది మొదటిది. నిజమే, కాదనను. అయితే ఓడినవాడి చేతిలో కనీసం పింఛను ఉంది. అకాడమీ వదిలేసిన పదహారేళ్ళవాడి చేతిలో ఏముంటుంది? రెండోది, అప్పటి పోటీ తేలిక, ఇప్పుడు చిన్నప్పటి నుంచే పదును పెట్టకపోతే కుదరదని. చిన్నప్పటి సాధన అవసరమే, దానిమీద పేచీ లేదు. పేచీ అంతా చిన్నప్పుడే తీర్పు చెప్పడం మీద. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే వయోవిభాగంలో ఆడితే, దాదాపు ఏడాది పెద్దవాడి ఒళ్ళు చూసి ప్రతిభ అనుకోవడం ప్రపంచమంతటా జరుగుతోంది. ఇంగ్లండ్‌లాంటి చోట కూడా జేమీ వార్డీ ఇరవై అయిదేళ్ళ దాకా కింది స్థాయి లీగుల్లోనే ఉన్నాడు. 2012లో లెస్టర్ చేరి, 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. అంచెలంచెలుగా కింది లీగులు బతికి ఉన్నాయి కాబట్టే అతను ఆటలో నిలిచి ఉన్నాడు. హైదరాబాద్‌లో పోలీసు, సైన్యం జట్లు చేసిందీ అదే.

రహీం పోయాక ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టడం ఆగలేదు, నగరంలో వాళ్ళను నిలిపే కొలువులు పల్చబడ్డాయి. 1965-66 సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కాక అలాంటి విజయం మళ్ళీ రాలేదు. గురువు లేకపోవడం ఒక కారణం, ఎదగడానికి గడువు దొరక్కపోవడం ఇంకో కారణం. ఇవాళ ఛత్తీస్‌గఢ్‌లో, రాయపూర్ పక్కనున్న కార్ఖానాల ఊరు బీర్‌గావ్ నుంచి చూస్తే ఈ రెండోదాని బరువు తెలుస్తుంది. 2024లో ఇదే రాష్ట్రంలో, నారాయణపూర్ రామకృష్ణ మిషన్ మైదానంలో, ఇరవై ఏళ్ళలోపువారికి జాతీయ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. మంచిదే. కానీ ఇరవై ఒకటో ఏట కాలు కుదురుకునే బీర్‌గావ్ కుర్రాడికి ఎదురుగా ఉన్నది అక్కడి ఉర్లా కార్ఖానాల షిఫ్టు. ఒకప్పుడు హైదరాబాద్ పోలీసులు ఇచ్చినట్టు, ఆ కార్ఖానాలు జీతంతోపాటు సాయంత్రాలు కూడా ఇస్తే, మూడు నాలుగేళ్ళ తర్వాత అతనెక్కడుంటాడో చూడవచ్చు.