ఒక పౌను పిండి



పోయిన శనివారం సాయంత్రం మా ఇంట్లో రొట్టెలు చేసేముందు జొన్నపిండిని తూచాము. సరిగ్గా 450 గ్రాములు. పిల్లలకు వింతగా తోచింది. రొట్టెలకు పిండి ఎవరు తూస్తారు? గోధుమలో ఉండే జిగురు జొన్నలో లేదు గనుక మరిగే నీళ్లు పోసి వేడిమీదే పిసకాలి, లేకుంటే తట్టేటప్పుడే అంచులు పగులుతాయి. మా చిన్నవాడు తట్టిన మొదటిది జిల్లా పటంలా వచ్చింది. అయినా పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది కాల్చాము. మొత్తం ఐదు రొట్టెలయ్యాయి.

450 గ్రాములంటే సుమారు ఒక పౌను. 1876లో వానలు తప్పి ధాత కరువు వచ్చింది. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మన కర్నూలు, కడప ఉన్నాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. నీడ లేని ఎండలో పొద్దంతా పనిచేసినవానికి అది కూలి! మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ పౌనున్నర ఇవ్వాలని వాదించాడు. ఆ మార్చిలో మద్రాసు ప్రభుత్వం పౌనుంపావు చేసి, కొంచెం పప్పు కలిపింది. మా ఇంటి లెక్కన ఆ పెంపు రొట్టెంపావు. దానికే అంత వాదం జరిగింది.

రొట్టెముక్క కోసం మతం మారినవాళ్లనే మాట మనలో చాలామంది విన్నదే. అప్పుడు మేము ఒంగోలు క్లౌ దొర సంగతి చెప్పేవాళ్లం. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం గుత్తకు తీసుకొని కరువు జనానికి పని కల్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న, మన నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఏటిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ జవాబు మేము కొంత గర్వంగానే చెప్పేవాళ్లం. పిండి తూచాక ఆ గర్వం తగ్గింది. ఆకలిగొన్నవాడు రొట్టె అడిగితే అందులో సిగ్గుపడవలసింది ఏముంది? రొట్టెలు తిని తృప్తిపడినందుకే నన్ను వెదకుతున్నారని ప్రభువు జనాన్ని గద్దించిన మాట నిజమే. కానీ ముందురోజు యవల రొట్టెలు పంచిపెట్టింది ఆయనే, ఎవరినీ ఏమీ అడగకుండానే. ఆ వరుసను మేము ప్రసంగాల్లో సరిగా చెప్పలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

మేము నలుగురం చెనిక్కాయల పొడితో కూర్చున్నాము. ఐదు రొట్టెలూ ఆ పూటకే చాలలేదు. పెద్దమ్మాయి మళ్లీ పిండి డబ్బా మూత తీసింది. ఈసారి తూచలేదు.