సర్వాంతర్యామి – నామార్థ విచారము



'స్వామి సర్వాంతర్యామి' అని మనము నిత్యము అంటూ ఉంటాము. ఆ మాట ఎక్కడ పుట్టినదో, మన వరకు ఎట్లు వచ్చినదో నేడు కొంత విచారింతము.

అంతటా నిండియుండుట అనే భావము విష్ణు నామములోనే ఉన్నది. నిరుక్తకారులైన యాస్కాచార్యులు ఈ నామమును ప్రవేశించుట, వ్యాపించుట అనే అర్థములుగల ధాతువుల నుండి సాధించినారు. సహస్రనామములలో ఈ నామము 2వదిగా, 258వదిగా, 657వదిగా మూడు తావులలో వచ్చును.

అయితే వ్యాపించుట వేరు, లోపలనుండి నడిపించుట వేరు. ఆకాశము కుండ లోపలను వెలుపలను ఉన్నది. అయినను కుండను నడిపించదు. 'అంతర్' అనగా లోపల, 'యామి' అనగా నియమించువాడు. బృహదారణ్యకోపనిషత్తులో ఉద్దాలక ఆరుణి ప్రశ్నింపగా యాజ్ఞవల్క్య మహర్షి ఈ తత్త్వమును ఉపదేశించినారు. భూమిలో, నీటిలో, అగ్నిలో ఉండి, వాటికి తెలియకయే వాటిని నియమించువాడు అంతర్యామి. జగత్తు శరీరము, ఈశ్వరుడు ఆత్మ అని చెప్పిన భగవద్రామానుజులకు ఈ ఘట్టము ముఖ్యమైన ప్రమాణము.

తెలుగునాట ఈ భావమును పామరుల నోటికి సైతము అందించినవారు 15వ శతాబ్దపు పోతనామాత్యులు. వారి ప్రహ్లాదుని మాట రానివారు మనలో అరుదు. స్వామి వెలువడిన స్తంభమని అహోబిలమున ఉగ్రస్తంభమును నేటికిని భక్తులు సేవించుచున్నారు.

మరి అంతటా ఉన్నవానికి ఆలయమెందుకు? ఆవు దేహమంతటి సారమే పాలు. అయినను పొదుగు వద్దనే పితుకుకొందుము. పాంచరాత్రము పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపములని ఐదింటిని చెప్పినది. అంతర్యామిని మన కన్నులు కానలేవు గనుకనే స్వామి అర్చామూర్తియై సులభుడైనాడు.

ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. సర్వాంతర్యామి అని పలికిన నోటితోనే, తరతరాలుగా మన సోదరులలో కొందరిని గుడి వాకిట నిలిపివేసినాము. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1947లో ఆలయ ప్రవేశ చట్టము చేయవలసి వచ్చినదనగా, ఆ నామార్థమును మనము ఎంత మరచినామో గ్రహింపవచ్చును. స్తంభములో స్వామి ఉన్నాడని నమ్మి, ఎదుట నిలిచిన మనిషిలో లేడన్నచో మన నమ్మకము హిరణ్యకశిపుని పక్షమున చేరును.

కావున ఈ నామమును పలికినప్పుడెల్ల, ప్రక్కన నిలిచినవారిని ఒకసారి చూతము. వారిలోనున్న స్వామికి మొదట నమస్కరించి, పిమ్మట గర్భాలయము వైపు చేతులు జోడింతము.

శుభం భూయాత్.