తొలకరే లాన్‌కు అదను
- వేసవి ముహూర్తాల కోసం తొందరపడితే నీరు, సొమ్ము వృథా
- ఎండాకాలంలో నేల సిద్ధం చేసుకుని వానలకు పరచడమే మేలు

కడియం: కొత్త ఇంటి ముంగిట పచ్చని తివాచీ పరచినట్లు లాన్‌ ఉండాలన్నది పలువురి ముచ్చట. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక పరిసరాల్లోని నర్సరీలు లాన్‌ గడ్డికీ పేరు పొందినవే. అయితే గృహప్రవేశ ముహూర్తాలు అధికంగా ఉండే వైశాఖ, జ్యేష్ఠ మాసాలు మండువేసవిలో వస్తాయి. ముహూర్తం నాటికి ముంగిలి పచ్చగా కనిపించాలన్న తొందరలో పరచిన గడ్డి పక్షం తిరగకుండానే ఎండిపోయే ప్రమాదం ఉంది. గడ్డి నాణ్యత ఎంత మంచిదైనా అదను తప్పితే ఫలితం దక్కదు.

వేళ్లు పట్టే వరకే గండం
మట్టితో సహా పలకలుగా కోసిన గడ్డి వేళ్లలో అధిక భాగం పాత నేలలోనే ఉండిపోతుంది. కొత్త వేళ్లు నేలలోకి దిగడానికి సాధారణంగా రెండు, మూడు వారాలు పడుతుంది. అంతవరకు పలకకు అంటిన పలుచని మట్టిపొరలోని తేమే ఆధారం. వేసవి ఎండకు ఈ పొర గంటల వ్యవధిలోనే ఆరిపోతుంది. మన ప్రాంతంలో వాడే గరిక జాతి, కొరియన్‌, మెక్సికన్‌ రకాలు వేడిని తట్టుకునేవే. పగటి ఉష్ణోగ్రత 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చక్కగా పెరుగుతాయి. కానీ వేళ్లూనిన గడ్డి తట్టుకునే ఎండను కొత్తగా పరచిన గడ్డి తట్టుకోలేదు.

నీటి లెక్క
చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలవాలంటే ఒక లీటరు కావాలి. వేసవిలో రోజుకు ఆరు మిల్లీమీటర్ల తేమ ఆవిరైతే 100 చదరపు మీటర్ల లాన్‌కు రోజుకు 600 లీటర్లు పోయాలి. మూడు వారాలకు ఇది 12,600 లీటర్లు. బోర్లు అడుగంటి, తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే రోజుల్లో ఇది చిన్న భారం కాదు. తొలకరి తరువాత ఈ నీటిలో అధిక భాగాన్ని వానలే సమకూరుస్తాయి.

ఏ ప్రాంతానికి ఎప్పుడు?
కోస్తా, తెలంగాణ జిల్లాల్లో మృగశిర కార్తెలో వానలు నిలకడగా పడి నేల చల్లబడిన తరువాత, అంటే జూన్‌ రెండో పక్షం నుంచి ఆగస్టు వరకు అనుకూలం. ఒక్క జల్లు చూసి తొందరపడరాదు. అనంతపురం వంటి వర్షాభావ ప్రాంతాల్లో అధిక వాన సెప్టెంబరులో కురుస్తుంది కనుక అప్పుడు వేయడం మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తాకు తుపానుల బెడద ఉంటుంది. వేళ్లు పట్టని పలకలు వరదకు కదిలిపోతాయి, నీరు నిలిచిన చోట తెగులు సోకుతుంది. డిసెంబరు, జనవరిలో గడ్డి ఎదుగుదల మందగిస్తుంది. ఆదిలాబాద్‌ వంటి చలి ప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. బోరు వసతి ఉన్నవారికి ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి పక్షం వరకు రెండో అదను. ఎండలు ముదిరేలోగా వేళ్లు దిగుతాయి.

వేసవిలో చేయవలసిన పని
ఏప్రిల్‌, మే నెలలు గడ్డి పరచడానికి కాకపోయినా నేల సిద్ధం చేయడానికి ఎంతో అనువైనవి. అడుగు లోతున తవ్వి రాళ్లు, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరివేయాలి. తుంగ గడ్డలను బయటకు తీసి ఎండబెట్టాలి. మాగిన పశువుల ఎరువు కలపాలి. నల్లరేగడి నేలైతే పైన ఇసుక కలిపిన ఎర్రమట్టి పొర వేయాలి. నీరు ఇంటి పునాది వైపు కాక బయటకు పోయేలా స్వల్ప వాలు ఇవ్వాలి. ఒకసారి నీరు పెట్టి నేలను కుదురుకోనివ్వాలి.

పరిచే రోజున...
కోసిన గడ్డిని ఒక రోజులోపే పరచాలి. పలకలను దొంతరగా ఎక్కువసేపు ఉంచితే లోపల వేడెక్కి పసుపు రంగుకు మారతాయి. దూరప్రాంతాలకు రాత్రివేళ రవాణా చేయించుకోవడం మంచిది. ఇటుకల గోడ కట్టినట్లు అతుకులు ఒకే వరుసలో రాకుండా పరచి, రోలరు తిప్పి, వెంటనే తడపాలి. రెండు వారాల తరువాత ఒక అంచును మెల్లగా లాగి చూడాలి. లేవకుంటే వేళ్లు పట్టినట్లే. అప్పటి నుంచి తడుల మధ్య వ్యవధి పెంచాలి. తొలి కత్తిరింపులో ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదు.

వేసవిలోనే గృహప్రవేశం తప్పనిసరైతే ముంగిట పూలకుండీలు అమర్చి, లాన్‌ స్థలాన్ని సిద్ధం చేసి ఉంచి, గడ్డిని వానలకు తెప్పించుకోవడం ఉత్తమం.