ఎముకకు చింతపండు అండ

నల్లగొండ, పాలమూరు జిల్లాల గ్రానైటు నేలలోని ఫ్లోరైడు, భూగర్భజలములో కరిగి మొదట బావులకును, పిదప బోరులకును చేరి, గత్యంతరము లేక ఆ నీరు త్రాగిన తరతరముల జనుల యెముకలలో పేరుకొనినది. ఎముక కాఠిన్యమునకు మూలమైన కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికములలో హైడ్రాక్సిల్ స్థానమును ఫ్లోరైడు ఆక్రమించుటచే, అస్థి బరువెక్కి మందముగా గోచరించుచునే పెళుసుబారును. వెన్నెముక స్నాయువులు గట్టిపడి, నడివయసు రైతు మెడ త్రిప్పలేక, దేహమంతయు త్రిప్పి ప్రక్కనున్నవానిని చూడవలసివచ్చును.

1937లో షార్ట్ ప్రభృతులు చెన్నరాజధానిలోని నెల్లూరు ప్రాంతమున ఈ వ్యాధిని వర్ణించిరి. 1955లో సిద్దిఖీ గారు నల్లగొండ రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు, మోకాళ్లు లోనికి వంగి ఒకదానినొకటి తాకుచు, పాదములు ఎడమైపోయిన యువజనుల దుఃస్థితిని లాన్సెట్ పత్రిక ద్వారా లోకమునకు ఎరుకపరచిరి. పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు విధానమును నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ యగు నీరీ 1975 నాటికి రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టెను.

నీటిని శుద్ధిచేయుట సరే, ఇదివరకే దేహమును చేరిన ఫ్లోరైడు మాటేమి? ఈ ప్రశ్నతో ఆ పోషకాహార సంస్థ పరిశోధకులు చింతపండు వైపు చూచిరి. పచ్చిపులుసు లేని పూట అరుదైన యీ సీమలో దీనికన్న సులభమైన ఔషధ మేది? ఖండారే ప్రభృతులు మొదట కుక్కలపై పరీక్షించి, 2002లో ప్రకటించిన ప్రయోగమున ఆరోగ్యవంతులైన బాలురకు మధ్యాహ్న భోజనముతో దినమునకు 10 గ్రాముల చింతపండు పెట్టగా, మూత్రము ద్వారా వెలువడు ఫ్లోరైడు దినమునకు 3.5 మిల్లీగ్రాముల నుండి 4.8 మిల్లీగ్రాములకు పెరిగినది. మూత్రమున క్షారగుణము హెచ్చినకొలది మూత్రపిండములు ఫ్లోరైడును తిరిగి పీల్చుకొనుట తగ్గును. పుల్లని పండు ఇట్టి ఫలితము నిచ్చుట వింతగా తోచినను, అందలి టార్టారికామ్లపు లవణములు దేహమున పరిణమించి క్షారమును మిగిల్చుట శరీరధర్మమునకు విరుద్ధము కాదు. మూత్రమున మెగ్నీషియం, జింకు విసర్జన తగ్గినట్లును వారు గమనించిరి. 2004 నాటి అధ్యయనమున, ఫ్లోరైడు తొలగించిన నీటికి తోడు చింతపండు ఇచ్చినపుడు అదనపు మేలు కలిగినట్లు తేలినది. ఇట్టి స్వల్పకాలిక ప్రయోగములను బట్టి వంగిన యెముక నిటారగునని చెప్పుట రోగులను వంచించుటయే యగునని నా దృఢాభిప్రాయము.

ఓషధులతో అస్థిని రక్షించు ప్రయత్నము ఫ్లోరైడుతో ఆగలేదు. రేడియేషన్ హాని విషయమున మణిపాల్‌లో ఉమాదేవి గారి బృందము, తులసిలోని ఓరియెంటిన్, విసెనిన్ అను ఫ్లేవనాయిడ్లు చుంచెలుకల ఎముకమజ్జ కణములను కొంత కాపాడునని 1990ల దశకమున నిరూపించెను. నల్లగొండ జిల్లాలోనే లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతమున యురేనియము నిక్షేపములు బయల్పడినవి. యురేనియము సైతము ఎముకలో నిలుచు ధాతువగుటచే ఆ పరిశోధన ఈ జిల్లావాసులకు పరాయిది కాదు. అయినను చుంచెలుకలలో కనబడిన ఫలమును మనుష్యులకు అన్వయించుటకు తొందరపడరాదు.

2015లో చౌటుప్పల్ వద్ద పైలాన్ ఆవిష్కృతమైన మిషన్ భగీరథ త్రాగునీటి పథకముచే నేడు నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతపు పల్లెలకు కృష్ణాజలము చేరుచున్నది. నీరు మారినను, ఎముకలో చేరిన ఫ్లోరైడు సంవత్సరముల తరబడి మెల్లమెల్లగా మాత్రమే వెలువడును. కావున చింతపండుపై దీర్ఘకాలిక పరీక్షలు ఆ పల్లెల వృద్ధుల నడుమనే సాగవలసియున్నది.