జపనీస్ ధ్వన్యనుకరణ పదాలు

జపనీస్ భాషలో శబ్దాన్ని, స్థితిని, మనోభావాన్ని ధ్వనుల అమరికతోనే స్ఫురింపజేసే పదాలను ధ్వన్యనుకరణ పదాలు అంటారు. బయటి చప్పుళ్లను అనుకరించేవి గియోంగో; చప్పుడు లేని తీరుతెన్నులను సూచించేవి గితాయిగో. మనసులోని అలజడిని తెలిపేవాటిని గిజోగో అని విడదీయడమూ ఉంది. 2007లో షోగాకుకాన్ ప్రచురించిన నిఘంటువులో ఇలాంటివి 4,500 ఉన్నాయి.

అర్థచ్ఛాయకు కీలకం మొదటి హల్లు. శ్వాసాలైన క, స, త లు తేలికదనాన్ని, చిన్నతనాన్ని, నునుపును స్ఫురింపజేస్తాయి. నాదాలైన గ, జ, ద లు బరువును, మోటుతనాన్ని. చిన్న గులకరాయి ‘కొరొకొరొ’ అని దొర్లితే బండరాయి ‘గొరొగొరొ’ అని దొర్లుతుంది. ఉరుముకూ ఈ రెండో పదమే. నక్షత్రాల మెరుపు ‘కిరకిర’, కళ్లు చెదిరే ఎండ ‘గిరగిర’. ‘గిరగిర’ అత్యాశ నిండిన చూపుకూ వర్తిస్తుంది. నున్నని జుట్టు ‘సరసర’, గరుకు గోడ ‘జరజర’. తెలుగువారు ‘గిరగిర’ను తిరగడానికి, ‘సరసర’ను వేగానికి వాడతారు కనుక రూపం కలిసినా అర్థం కలవదు.

పదాంతం చలనం తీరును తెలుపుతుంది. ద్విరుక్తి ఎడతెగని చర్యకు గుర్తు. ‘కొరొరి’ ఒకసారి దొర్లి ఆగడం, ‘కొరొన్’లోని అనునాసికం దొర్లుడుకు ప్రతిధ్వనిని చేరుస్తుంది.

నొప్పి వర్ణనలో ఈ పదాల వాడుక విస్తృతం: పోటుకు ‘జుకిజుకి’, సూదులు గుచ్చినట్లుంటే ‘చికుచికు’, తల బద్దలయ్యే నొప్పికి ‘గన్‌గన్’. మాంగా చిత్రకథల్లో నిశ్శబ్దానికీ ‘షీన్’ అనే పదం ఉంది.